శంకరరావు గారి పాత ఫోటో

ఫోన్లో ఫోటో చూడగానే సత్యప్రసాద్‌కి నవ్వొచ్చింది. చూపిస్తున్నవాడు రాజాబాబు కాబట్టి ఆ నవ్వుని మింగేశాడు. కోహ్కాలో మేడ, కుమ్హారిలో గోడౌన్లు ఉన్న కాంట్రాక్టరు ముందు, భిలాయ్ క్యాంప్ 2 సందులో ఫోటో స్టూడియో నడుపుకునేవాడు అలా నవ్వితే బాగుండదు. ఫోటోలో రాజాబాబు తండ్రి శంకరరావు గారు ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలో, చారల టీషర్టు వేసుకుని, ఫ్లాష్ వెలుగుకి కళ్లు చిట్లించి కూర్చున్నారు. వెనక వాషింగ్ మెషీన్ తాలూకు అట్టపెట్టె. భుజం మీద ఎవరో పిల్లవాడి చెయ్యి.

"నాన్న పోయాక వెతికితే ఇదొక్కటే దొరికింది భయ్యా," అన్నాడు రాజాబాబు. "దీన్ని మన హాల్లో ఉన్న పాత ఫోటోల్లాగ చేసిపెట్టాలి. ఏకదమ్ అలాగే ఉండాలి. పక్కన పెడితే తేడా తెలీకూడదు."

హాలంటే క్యాంప్ 2లోని తెలుగువాళ్ల సంఘం హాలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్టీలు ప్లాంటు పనికి వచ్చినవాళ్లు, డ్యూటీ దిగాక సిమెంటు కలిపి, ఇటుకలు మోసి కట్టుకున్నది. పెళ్లిళ్లకీ, పదోరోజు భోజనాలకీ అదే ఆధారం. కట్టిన ఆరుగురి ఫోటోలూ ఎదురుగోడ మీద రెండు కిటికీల మధ్య రెండు వరసల్లో ఉంటాయి. ఆ ఆరుగురిలో ఇప్పుడొక్కరూ లేరు.

రాజాబాబు పక్కన సంఘం కార్యదర్శి శ్యామసుందర్ గారు కూర్చున్నారు. ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. మామూలు మాటైనా మీటింగులో తీర్మానం చదువుతున్నట్టే చెబుతారు. "రాజాబాబు హాలుకి కొత్త పైకప్పు వేయిస్తున్నాడు. ఆదివారం వార్షికోత్సవం. ఆ వేళకి శంకరరావు గారి ఫోటో కూడా గోడ మీద ఉండాలని కమిటీ అనుకుంది," అన్నారు.

"హాలు కట్టినవాళ్లలో శంకరరావు గారు కూడా ఉన్నారా అండీ?" అనడిగాడు సత్యప్రసాద్.

రాజాబాబు ఫోన్ని కౌంటరు మీద పెట్టాడు. "లేదు భయ్యా. నాన్న రూర్కెలా నుంచి వచ్చేసరికే హాలు కట్టీసి, సున్నాలు కూడా ఏసీసారు. 'ఆళ్లతో పాటు ఒక ఇటికైనా మొయ్యలేకపోయాను' అని ఉన్నన్నాళ్లూ అంటుండీవోడు. పోనీ ఇప్పుడైనా ఆళ్ల పక్కన కూర్చోబెడదామని."

తండ్రి మీద ప్రేమని ఎవరు కాదంటారు? సత్యప్రసాద్ కాదనలేదు. పైగా అతనికి కాస్త పొగరు కూడా ఉంది. ఈమధ్య పెళ్లిళ్ల వాళ్లందరికీ పాత సినిమా కాలపు రంగుల పిచ్చి పట్టుకుంది. దుర్గ్ నుంచి కూడా వెతుక్కుంటూ అతని దగ్గరికే వస్తున్నారు. నిన్న తీసిన ఫోటోని నాన్నల కాలం నాటిదిగా మార్చడంలో భిలాయ్ మొత్తం మీద తనంతటివాడు లేడని అతని నమ్మకం. ఇన్నాళ్లూ కుర్రజంటల సరదాకి చేశాడు గాని, నిజమైన పాత ఫోటోల పక్కన నిలబెట్టి చూపించే పని ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే కెమెరా, నల్లగుడ్డ పట్టుకుని హాలుకి వెళ్లాడు. రంగుని కళ్లలో పెట్టుకుని వస్తే చాలదు. ఆ ఆరింటినీ ఫోటోలు తీసుకుని, ఎదురుగా పెట్టుకుని పనిచెయ్యాలి. వెళ్లేసరికి అప్పలకొండ స్టూలెక్కి, కొంగుతో ఒక ఫోటో అద్దం తుడుస్తోంది. ప్లాంటు వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము ఎవరి ఇంటినీ వదలదు, హాలునీ వదలదు. కానీ ఆవిడ తుడిచేది ఆ ఒక్క ఫోటోనే. కింది వరసలో చివరిది, ఆవిడ భర్త గురునాథరావుది.

"పడిపోతావు పిన్నీ, దిగు."

"పడితే ఈయన పట్టుకోడేటి?" అని నవ్వి, మెల్లగా దిగింది అప్పలకొండ. సత్యప్రసాద్ గుడ్డ అడ్డం పెట్టి, అద్దం మీద కిటికీ మెరుపు పడకుండా ఫోటోలు తీస్తుంటే పక్కనే నిలబడింది. ఎవరైనా ఆ గోడ వైపు చూస్తే చాలు, ఆవిడకి మాట ఊరుకోదు. "ఈ కోటు సూసేవా సత్తెం? హాలు తెరిసిన నాడు ఫోటోలకి ఆరుగురికీ ఒకటే కోటు. ఆ స్టూడియో వోడి కాడ ఇంకోటి నేదు. ఒకలిప్పితే ఒకలేసుకున్నారు. మా ఇంటాయన ఆఖరోడు. అప్పటికా కోటు సెమటతో తడిసిపోనాది. పొట్టిమనిసి కదా, సేతులు సూడు, కోట్లోనే ఉండిపోనాయి."

"ఈ కత నాకు చాలాసార్లు చెప్పావు పిన్నీ."

"సెప్తాను మరి. పునాదిలో మొదటి రాయి ఈయనే ఏసేడు. తాపీమేస్త్రీ కదా. మిగిల్నోళ్లకి తాపీ ఎలగ పట్టుకోవాలో కూడా తెల్దు. ఈయన అరుస్తుంటే ఆళ్లు గోడ కట్టీవోరు. నాను గంజి అట్టుకొచ్చీదాన్ని." అని భర్త ఫోటో కేసి చూసి, "ఎవలిదో ఫోటో సేస్తన్నావంట?" అంది.

"రాజాబాబు వాళ్ల నాన్నగారిది."

"మంచిదే. కానియ్యి," అందావిడ. శంకరరావు గారెవరో ఆవిడకి తట్టలేదు. తట్టాలని కూడా అనుకోలేదు.

పాత కలర్ ఫిల్ము ఫోటో అంటే పైన కాస్త పసుపు పులిమేస్తే సరిపోతుందనుకుంటారు ఫోన్ల వాళ్లు. సత్యప్రసాద్‌కి అలాంటి పని చూస్తే ఒళ్లు మంట. గోడమీద అన్నేళ్లు వేలాడిన ఫోటోలో నలుపు నలుపుగా ఉండదు, కాఫీ డికాక్షన్ రంగుకి దిగుతుంది. నీలం ముందుగా పారిపోతుంది. ఎరుపు మొండిది, చివరిదాకా అంటిపెట్టుకునే ఉంటుంది. తెల్లచొక్కా కాలరు మీగడ రంగుకి వస్తుంది. ఇవన్నీ వేరువేరుగా, వేరువేరు మోతాదుల్లో జరగాలి. అన్నిటినీ ఒక్క మీట నొక్కి చేస్తే మోసం దొరికిపోతుంది.

ముందు శంకరరావు గారి భుజం మీంచి పిల్లవాడి చేతిని తీసేశాడు. అట్టపెట్టె పోయి, ఆ ఆరు ఫోటోల వెనక ఉన్న నీలి తెర వచ్చింది, నీలం వెలిసిపోయి బూడిదరంగుగా. నుదుటి మీద ఫ్లాష్ మెరుపుని కొంచెం కొంచెంగా నొక్కాడు. తలకి నలుపు తెచ్చాడు. బుగ్గల దగ్గర ముడతల్ని పూర్తిగా చెరిపెయ్యకుండా, సగం వయసులో ఎంత ఉంటాయో అంత ఉంచాడు. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపించడం ఫోన్ ఫోటోల జబ్బు. వాటి పదును తగ్గించాడు. ఆపైన ఫిల్ముకి ఉండే సన్నటి గరుకు వేశాడు, నీడలో ఎక్కువగా, వెలుగులో తక్కువగా.

ఇక టీషర్టు మిగిలింది. ఆరుగురూ వేసుకున్న కోటే ఈయనకీ ఉంటే తప్ప కథ కుదరదు. ఎవరి కోటు తియ్యాలా అని అన్నీ తిరగేశాడు. శంకరరావు గారు కూర్చున్న వాలుకి సరిగ్గా అతికింది గురునాథరావు కోటు. దాన్ని మెడ దగ్గర్నుంచి జాగ్రత్తగా కత్తిరించి తొడిగాడు. గురునాథరావుకి చేతులు దాటిపోయిన కోటు శంకరరావు గారికి కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.

గరుకు కాగితం మీద అచ్చు తీసి, తెల్ల అంచుని దూదితో రుద్ది కాస్త మాసేలా చేశాక, వెనక్కి జరిగి చూశాడు. చారల టీషర్టు ముసలాయన ఎక్కడా లేడు. హాలు ప్రారంభం రోజున చెమటలు కక్కుతూ కెమెరా ముందు కూర్చున్న నడివయసు మనిషి ఉన్నాడు. సత్యప్రసాద్ తన భుజం తనే తట్టుకున్నాడు. అంత సంతోషంగా పనిచేసి చాలా కాలమైంది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతన్ని ఎక్కువగా సిగ్గుపెట్టింది ఆ సంతోషమే.

శుక్రవారం సాయంత్రం ఫ్రేము కట్టించి హాలుకి పట్టుకెళ్లాడు. రాజాబాబు ఫోటోని రెండు చేతుల్తో అందుకుని వెలుగు వైపు తిప్పి చూశాడు. "నాన్న ఇలాగ ఉండీవోడా భయ్యా? నేనెప్పుడూ ఇలాగ చూడలేదు," అని కళ్లు తుడుచుకుని, పైకప్పు రేకుల లారీ వచ్చిందని ఫోనొస్తే బయటికి వెళ్లాడు.

శ్యామసుందర్ గారు గోడ దగ్గరికి నడిచి, కింది వరసలో చివరి ఫోటోని మేకు మీంచి తీసి, కిటికీ గట్టు మీద గోడవైపు తిప్పి పెట్టారు. శంకరరావు గారిని ఆ మేకుకి తగిలించి, వంకర సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.

"అదేంటండీ, ఏడోది పెడతారనుకున్నాను," అన్నాడు సత్యప్రసాద్.

"రెండు కిటికీల మధ్య ఆరే పడతాయోయ్. ఏడోది ఎక్కడ పెడతావు, కిటికీ మీదా?"

"గురునాథరావు గారే కదండీ అసలు..."

"ఆయన ప్లాంటు ఉద్యోగి కూడా కాదు సత్యప్రసాద్. ఠేకేదారు కింద కాంట్రాక్టు మేస్త్రీ. కట్టాడు, కాదనను. మేస్త్రీ కట్టక ఇంకెవరు కడతారు?" శ్యామసుందర్ గారి గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. "ఆయన తరఫున అడిగేవాళ్లెవరున్నారు? ఆ ముసలమ్మకి నేను నచ్చచెబుతాను. నువ్వు పని మాత్రం అద్భుతంగా చేశావు. పక్కపక్కన చూడు, ఏది కొత్తదో నాకే తెలియడం లేదు."

ఆ మెచ్చుకోలు దగ్గరే సత్యప్రసాద్ నోరు పడిపోయింది. ఫోటో కిందికి దించండి, నా పని నాకిచ్చెయ్యండి అనాలి. అనడానికి అదే సమయం, తర్వాత ఇంకోటి రాదు. అతను మాత్రం మూడో ఫోటో ఫ్రేము కాస్త వాలిందని దాన్ని సరిచేసి, ఇంటికొచ్చేశాడు. దారంతా 'రాజాబాబుకి చెబితే ఒప్పుకోడు, రేపు చెబుదాం' అనుకున్నాడు. రేపటికి ఆ మాట కూడా చల్లారిపోయింది.

శనివారం పొద్దున్న షట్టరు ఎత్తుతుండగానే అప్పలకొండ వచ్చింది. తువ్వాల్లో చుట్టిన ఫ్రేముని కౌంటరు మీద పెట్టి విప్పింది.

"రంగు ఎలిసిపోనాదంట నాయనా. అందుకని దించినారంట. ఆ పెద్దబాబు మంచిగానే సెప్పినాడు. 'కొత్తగా సేయించి తే అప్పలకొండా, అప్పుడు సూద్దాం' అన్నాడు." ఆవిడ ముఖంలో బాధ కంటే కంగారే ఎక్కువుంది. "ఆదివారానికి సేసిస్తావా? నలుగురూ వచ్చిన నాడు ఆయన గోడ మీద నేకపోతే ఎలగ?"

గోడమీద మిగిలిన అయిదూ అంతే వెలిసిపోయాయి పిన్నీ, అని ఒక్కమాట చెబితే సరిపోయేది. వెలిసిపోయినట్టు కనబడటానికే తను రెండు రోజులు కష్టపడ్డాడని చెబితే ఇంకా బాగుండేది. సత్యప్రసాద్ "చేస్తాను పిన్నీ. కొత్తదానిలా చేస్తాను," అన్నాడు. చేసిన తప్పుని మాటతో కాకుండా పనితో దిద్దుకుందామని చూసే మనిషి అతను. అలాంటివాళ్లకి మాట దాటవెయ్యడానికి పని ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది.

ఆవిడ వెళ్లాక ఫ్రేము వెనక అట్ట విప్పాడు. ఎన్ని వానాకాలాల చెమ్మో, ఫోటో అద్దానికి అంటుకుపోయింది. తడిగుడ్డ పెట్టి, ఊపిరి బిగబట్టి, మూల నుంచి మెల్లగా లాగాడు. భుజం వచ్చింది, కోటు వచ్చింది, ముఖం మాత్రం అద్దానికే ఉండిపోయి పొరలు పొరలుగా చిరిగింది. మొన్న హాల్లో తను తీసుకున్న ఫోటో కంప్యూటర్లో ఉంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే గురునాథరావు ఆ పూటతో పూర్తిగా పోయేవాడు.

ఆ ఫోటోనే తెర మీద తెరిచి, పారిపోయిన నీలాన్ని వెతికి తెచ్చాడు. తెరకి ఆకాశం రంగు వచ్చింది. కోటు అసలు గోధుమరంగు కాదనీ, ముదురు నీలమనీ అప్పుడు తెలిసింది. కాలరు తెల్లగా అయింది. మచ్చలు, గీతలు ఒక్కటి కూడా వదల్లేదు. శంకరరావు గారి కోసం ఎంత శ్రద్ధ పెట్టాడో అంతకు రెండింతలు పెట్టాడు. పశ్చాత్తాపం కదా, కొలత తెలియదు. మెరిసే కాగితం మీద అచ్చు తీస్తే, నల్లటి ముఖంలో కళ్లు తళతళలాడుతూ గురునాథరావు ఇప్పుడే తాపీ పక్కన పెట్టి వచ్చినట్టున్నాడు.

సాయంత్రం అప్పలకొండ వచ్చి ఫోటోని కౌంటరు మీంచి ఎత్తి దగ్గరగా పట్టుకుంది. "పెళ్లినాటికి ఇలగే ఉండీవోడు," అని ఫోటో బుగ్గని వేలితో తాకింది. అసలు ఫోటో ఏమైందని ఆవిడ అడగలేదు. అతను చెప్పలేదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. శ్యామసుందర్ గారు మైకు పట్టుకుని, ఈ హాలుకి చెమటోడ్చిన ఆరుగురు పెద్దల పేర్లు చదివారు. ఆరో పేరు శంకరరావు గారిది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో చేతికర్ర పెద్దాయనొకడు, "అవునవును, సిమెంటు బస్తా ఒక్కడే ఎత్తీవోడు," అన్నాడు పక్కనున్నవాడితో. పిల్లలు ఆ ఫోటో ముందు నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. రాజాబాబు మొదట తల దించుకుని కూర్చున్నాడు, తర్వాత మెల్లగా ఎత్తాడు. సభ అయ్యేసరికి అతనికి కూడా అది నిజంలాగే ఉన్నట్టుంది.

జనం భోజనాలకి కదిలాక అప్పలకొండ ఫ్రేముని గుండెకి ఆనించుకుని గోడ దగ్గరికి వచ్చింది. వెనకే సత్యప్రసాద్. శ్యామసుందర్ గారు ఫోటోని అందుకుని శంకరరావు గారి పక్కన గోడకి ఆనించి పట్టుకున్నారు.

అయిదుగురు పెద్దలూ, శంకరరావు గారూ ఒక ఇంటి మనుషుల్లా ఉన్నారు. గురునాథరావు ఒక్కడే నీలంగా, తెల్లగా మెరిసిపోతూ, దారి తప్పి ఎవరింట్లోకో వచ్చినవాడిలా ఉన్నాడు. తన రెండు చేతులా తనే చేసిన పని ఇది.

"చూశావా అప్పలకొండా," అన్నారు శ్యామసుందర్ గారు. "ఇది వీటిలో కలవదు. చూసినవాళ్లు నిన్నగాక మొన్నటి ఫోటో తెచ్చి పెట్టారంటారు."

"పిన్నీ, నా మాట విను," అన్నాడు సత్యప్రసాద్. ఇప్పటికి మాట వచ్చింది, వచ్చాక ఆగలేదు. "ఆ శంకరరావు గారి ఫోటో పాతది కాదు. ఈ వారంలో నేనే చేశాను. ఆయన టీషర్టు మీద ఉంటే, మన గురునాథం బాబాయి కోటు కత్తిరించి తొడిగాను. రంగు నేనే వెలిసేలా చేశాను. ఆయన వచ్చేసరికే హాలు కట్టేశారు. వాళ్ల అబ్బాయే చెప్పాడు నాకు. బాబాయి అసలు ఫోటో నా చేతిలోనే చిరిగిపోయింది పిన్నీ. తప్పంతా నాది. నువ్వు అడుగు, ఆయన్ని దించమని అడుగు, నీ పక్కన నేను నిలబడతాను."

శ్యామసుందర్ గారు నువ్వే చెప్పు అన్నట్టు అప్పలకొండ వైపు చూశారు.

ఆవిడ శంకరరావు గారి ఫోటోని చాలాసేపు చూసింది. దగ్గరికెళ్లి మాసిన తెల్ల అంచుని చూసింది. మళ్లీ భర్త ఫోటోని చూసింది.

"అలగనకు నాయనా," అంది చివరికి, మెత్తగా. "నా మీద జాలికొద్దీ అంతన్నావు. పెద్దోళ్ల మీద అలగ లేనిపోనివి అనకూడదు. నువ్వప్పటికి పుట్నేదు, నీకేటి తెలుస్తాది? ఈ బాబుని నానెరుగుదును. గంజి అట్టుకొచ్చినప్పుడు అందరితో పాటు కూకుని తాగీవోడు. ఉప్పు ఎక్కువ ఏయించుకునీవోడు."

"పిన్నీ, ఆయన అప్పుడిక్కడ లేడు..."

"ఉన్నాడు నాయనా. ముకం గేపకమొస్తన్నాది." ఆవిడ తన భర్త ముఖం మీద లేని దుమ్ముని కొంగుతో తుడిచింది. "మా ఇంటాయన్దే సూడు, నిన్న తీసినట్టున్నాది. ఈయనే ఎనకాల వచ్చి ఆళ్లతో కలిసేడేమో. మొదటి రాయి నానే ఏసేనని సెప్పీవోడు. మగోళ్లు పెళ్లాల కాడ సెప్పుకోరేటి? నాను అదే నిజమని ఇన్నేళ్లూ ఊరంతా సెప్పుకు తిరిగేను."

ఆవిడ శ్యామసుందర్ గారి దగ్గర్నుంచి ఫ్రేముని తీసుకుని సత్యప్రసాద్ చేతిలో పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, శంకరరావు గారి ఫోటో ముందుకి వెళ్లి రెండు చేతులూ జోడించింది.

"ఇన్నాళ్లూ నీ సోట్లో మా ఆయన్ని కూకోబెట్టినాం బాబూ," అంది. "తెలీక సేసినాం. సెమించు."